నేను ఎక్కని బస్సు

నాది కాని బాధను నాదని చెప్పి నేను ఈ వృత్తిలో పేరు తెచ్చుకున్నాను.

ఈ ఒక్క వాక్యం రాయడానికి ఏళ్లు పట్టింది. రాశాక చూస్తే ఎంత చిన్నగా ఉంది! మోసినన్నాళ్లూ ఇంత చిన్నగా లేదు. అన్నం తింటుంటే గొంతులో అడ్డం పడేది. ఎవరైనా నన్ను మెచ్చుకుంటే మాట మార్చేదాన్ని. చర్చిలో అందరూ తల వంచి ఎవరి తప్పులు వాళ్లు మనసులో ఒప్పుకునే నిమిషంలో నేను మా పిల్లవాడి చొక్కా గుండీలు సర్దుతూ కూర్చునేదాన్ని. దేవుడికి కూడా చెప్పలేదు. ఆయనకు ఎట్లాగూ తెలుసు కదా అనుకునేదాన్ని. తెలిసినవాడికి మళ్లీ చెప్పడం ఎందుకు?

మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో. నా పేరు అడగకండి. నా స్నేహితురాలిని ఇక్కడ మాబున్ని అంటాను, అది ఆమె అసలు పేరు కాదు. ఆమెను అడిగే రాస్తున్నాను. ఆమెను అడగకుండా ఆమె బతుకులోంచి ఒక్క ముక్క కూడా తీసుకునే హక్కు నాకు లేదని తెలుసుకోవడానికి చాలా ఆలస్యమైంది. అడిగితే, "రాసుకో మే," అంది. మళ్లీ తానే, "బస్సు కాడ మాత్రం నేను అని పెట్టొద్దు," అంది.

పెట్టను.

మాబున్ని వాళ్లది ఆళ్లగడ్డలో పరుపుల అంగడి. దూదేకులవాళ్లు. వాళ్ల నాయన హుసేనప్ప దూది ఏకి పరుపులు, దిండ్లు, బొంతలు కుట్టేవాడు. మా నాయన చర్చి బడిలో అయ్యవారు. రెండిళ్లకూ మధ్య ఒక సందు. నేను పుట్టి పెరిగింది మా ఇంట్లోనే అయినా ఆడుకున్నది, అలిగింది, పొద్దున్నే ఉగ్గాని తిన్నది ఎక్కువగా వాళ్ల ఇంట్లోనే. సాయంత్రం ఇంటికి పోతే మా అమ్మ నా తలలోంచి దూది పింజలు ఏరుతూ "మళ్ల ఆడికే పోయినావా" అనేది. కోపంగా కాదు. హుసేనప్పకు ఇద్దరు కూతుళ్లని, ఒకదాన్ని పక్కింట్లో దాచాడని వీధిలో నవ్వుకునేవాళ్లు.

డిగ్రీకి ఇద్దరం నంద్యాలలో చేరాం. రోజూ బస్సు. నాకు వాంతులవుతాయని కిటికీ పక్క సీటు నాకే వదిలేది. మాబున్నికి పెద్ద జడ, నడుము దాటి దిగేది. సీటుకు వెనక ఇరుక్కోకుండా దాన్ని ముందుకు తీసి ఒళ్లో పెట్టుకునేది, పిల్లిపిల్లను పెట్టుకున్నట్టు. దారంతా మాట్లాడేది. నేను కళ్లు మూసుకుని వినేదాన్ని. నేను మొదటినుంచీ వినేదాన్నే. ఆ ఒక్క మంచి గుణం నాలో ఉందని ఇప్పటికీ నమ్ముతున్నాను.

చివరి ఏడాది వానల్లో నాకు కండ్లకలక వచ్చింది. రెండు కళ్లూ వాచిపోయి అతుక్కున్నాయి. కాలేజీలో రికార్డు పుస్తకం ఇవ్వడానికి అదే ఆఖరి రోజు. మాబున్ని తనది ముందే ఇచ్చేసింది. నాదే మిగిలింది. ఆమెకు ఆ రోజు పోయే పనే లేదు. "మబ్బు జూడు మే ఎట్లుందో," అంది. నేను వినలేదు. బతిమాలాను, అలిగాను. నా పుస్తకం సంచిలో వేసుకుని పోయింది.

తిరిగి వచ్చేటప్పుడు పెద్దదారి మీద నీళ్లు పారుతున్నాయని డ్రైవరు పల్లెల దారి పట్టాడు. ఒక వాగు దగ్గర కల్వర్టు మీద బస్సు ఆగిపోయింది. పైన ఎక్కడో కురిసిన వాన అంతా ఒక్కసారిగా వచ్చిపడింది. బస్సు ఒక పక్కకు ఒరిగింది. ఉన్నవాళ్లు ఒకరినొకరు లాక్కుంటూ పైకప్పు మీదికి ఎక్కారు. ఒక అవ్వ, మనవరాలితో ఉంది. అవ్వకు పట్టు చాలడం లేదు. పిల్లను తెచ్చి మాబున్ని వీపున వేసింది. ఆ పాప రెండు చేతులతో మాబున్ని జడ పట్టుకుంది. ఏదో చెట్టు మొద్దు కొట్టుకొచ్చి బస్సుకు తగిలింది. బస్సు ఇంకా ఒరిగింది.

తాళ్లు వేసి ఊరివాళ్లు కొందరిని బయటికి తీశారు. అవ్వ బతికింది. మాబున్ని బతికింది. పాప దక్కలేదు.

చూడటానికి వచ్చిన చుట్టాలకు, వీధివాళ్లకు మాబున్ని ఒకటే చెప్పింది: "నీళ్లొచ్చినాయి. పైకెక్కినాం. వచ్చినాం." అంతకు మించి ఎవరికీ ఏమీ చెప్పలేదు. నాకు చెప్పింది. వాళ్ల అంగడి అటక మీద ఏకిన దూది కుప్పగా పోసి ఉండేది. మధ్యాహ్నం పూట ఇద్దరం దాని మీద పడుకుని ఉంటే, పైకప్పు వైపు చూస్తూ చెప్పింది.

"జడ లాగుతాండె మే. తల వెనక్కి పోయేట్టు లాగుతాండె. నొప్పి పుడతాంటే తిట్టుకున్నా గూడా. ఉన్నట్టుండి లాగడం ఆగిపాయ."

కాసేపటికి, "ఎవరికీ చెప్పొద్దు," అంది.

"చెప్పను," అన్నాను.

ఆ మాటే ఆమె చాలా మధ్యాహ్నాలు చెప్పింది. ఒకే మాట, కొంచెం కొంచెం మార్చి. నేను విన్నాను. చెప్పాక ఆమె దూదిలో ముఖం పెట్టి నిద్రపోయేది. కొన్ని రోజులకు జుట్టు చెవుల కిందికి కత్తిరించుకుంది. హుసేనప్ప ఏమీ అడగలేదు. కింద పడిన జుట్టును తానే ఊడ్చి ఎత్తుకుపోయాడు. ఎక్కడ పెట్టాడో ఇద్దరం అడగలేదు.

ఒక మనిషి పక్కన ఉండి వింటే ఇంకొక మనిషి నిద్రపోగలదని నేను నేర్చుకున్నది అక్కడే. నేను సైకాలజీ చదవడానికి, నంద్యాలలో కౌన్సెలర్‌గా చేరడానికి, ప్రమాదాలూ చావులూ చూసి చితికిపోయిన మనుషులకు చేసే చికిత్సలో శిక్షణ తీసుకోవడానికి మూలం ఆ అటక. ఇది నిజం. ఈ నిజం ఒక్కటి చెప్పి ఉంటే సరిపోయేది. అదే నన్ను ఇప్పటికీ తినేస్తుంది. నిజం చేతిలో పెట్టుకుని అబద్ధం ఎందుకు చెప్పాను?

మా పనిలో ఒక చిక్కుంది. ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. మా వీధిలోనే నాలుగు రోజుల శిక్షణతో మనసు బాగుచేస్తానని బోర్డు కట్టినాయన ఉన్నాడు. అందుకని ట్రామా చికిత్స చేసేవాళ్లంతా కలిసి ఒక వృత్తి రిజిస్టర్ నడుపుతారు. చదువు చూస్తారు, పెద్దవాళ్ల పర్యవేక్షణలో పనిచేశామా అని చూస్తారు, చివరికి మాట్లాడి చూస్తారు. అందులో పేరుంటే ఆసుపత్రులవాళ్లు నమ్మి మనుషులను పంపుతారు. నియమాలు కూడా ఉన్నాయి. చుట్టాలకు, స్నేహితులకు చికిత్స చేయకూడదు. నీ దగ్గర చెప్పుకున్నది ఇంకొకచోట వాడకూడదు. అన్నిటికంటే ముందు, నీ గురించి నువ్వు అబద్ధం చెప్పకూడదు.

నాకు అందులో చేరాలని ఎంత ఉండేదో చెప్పలేను. డాక్టరు కాదు, నర్సు కాదు, "ఆ మాట్లాడే మేడం" అని ఆసుపత్రిలో నన్ను పిలిచేవాళ్లు. ఆ మాటలో చిన్నచూపు ఉండేది. రిజిస్టర్‌లో పేరుంటే ఆ చిన్నచూపు పోతుందనుకున్నాను.

మాట్లాడే రోజు వచ్చింది. వీడియోలో. మాబున్ని ముందు రోజే ఆళ్లగడ్డ నుంచి వచ్చేసింది. అప్పటికి హుసేనప్ప లేడు, అంగడి ఆమే చూసుకునేది. ఆమెకు పెళ్లయి చంకలో పాప ఉంది. నేను చీర ఏది కట్టుకోవాలో ఆమే తేల్చింది. ఇంట్లో చప్పుడు ఉండకూడదని తన బిడ్డను చంకనేసుకుని, మా పిల్లవాణ్ణి చేత్తో పట్టుకుని, "అయిపోయినంక ఫోన్ చెయ్యి, ఈడ రోడ్డు చివర ఉంటాం," అని బయటికి పోయింది.

ఆమె బయట ఎండలో ఇద్దరు పిల్లలను ఆడిస్తూ నిలబడి ఉంది. లోపల నేను ఆ పని చేశాను.

తెరమీద ముగ్గురు ఉన్నారు. వాళ్లలో కర్నూలులో ఉండే పెద్ద మేడం ఒకరు. మా వైపు ఈ పనిలో ఆమెను మించినవాళ్లు లేరు. చదువు గురించి అడిగారు, చెప్పాను. శిక్షణ గురించి అడిగారు, చెప్పాను. నా జవాబులన్నీ బాగానే ఉన్నాయి, పరీక్ష పేపర్లో జవాబుల్లా. పెద్ద మేడం ఏదో కాగితం చూసుకుంటున్నారు. నా వైపు చూడటం లేదు. అప్పుడు ఇంకొకాయన, "ఈ పనిలోకి ఎందుకొచ్చావమ్మా?" అని అడిగారు.

"మా స్నేహితురాలు ఒకామె" అనే మాట నోటిదాకా వచ్చింది. ప్రమాణం చేసి చెప్తున్నాను, వచ్చింది. కానీ నోరు తెరిస్తే "డిగ్రీలో ఉన్నప్పుడు ఒక బస్సు..." అని మొదలైంది. పెద్ద మేడం తల ఎత్తారు. ఆ చూపు నా మీద పడింది. ఆ చూపు పోకూడదని, నేను "నేను" అన్నాను.

నేను పైకప్పు ఎక్కాను అన్నాను. నా వీపున ఒక పాప అన్నాను. నా జడ పట్టుకుంది అన్నాను. లాగడం ఆగిపోయింది అన్నాను.

మేడం కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. నా కళ్లలోనూ నీళ్లు వచ్చాయి. అవి దొంగ నీళ్లు కావు. అదే నాకు అన్నిటికన్నా భయం వేసే సంగతి. నేను నిజంగానే ఏడ్చాను. ఎవరి కోసం ఏడ్చాను? పాప కోసమా, మాబున్ని కోసమా, ఆ బస్సులో నా కోసం వెళ్లిన ఆమె పక్కన ఖాళీగా పోయిన నా సీటు కోసమా? ఎన్నోసార్లు ఆ సీట్లో నన్ను కూర్చోబెట్టుకుని చూసుకున్నాను. నేను ఉంటే పాపను ఇద్దరం పట్టుకునేవాళ్లమేమో అనుకునేదాన్ని. అట్లా అనుకుని అనుకుని ఆ బస్సు నాకు తెలిసిన బస్సు అయిపోయింది. ఇదంతా నిజమే. కానీ ఇది సాకు కూడా. రెండూ ఒకే చోట ఎట్లా ఉంటాయో నేను రోజూ నా ఎదురుగా కూర్చునేవాళ్లలో చూస్తాను. నాలో చూసుకోవడానికి మాత్రం మనసు రాలేదు.

మాబున్ని పిల్లలతో తిరిగొచ్చింది. మా వాడి నోటినిండా జిలేబీ.

"ఏమైంది మే?"

"బాగా చెప్పినా."

"నాకు తెలుసులే," అని నా తల మీద మొట్టికాయ వేసింది.

రిజిస్టర్‌లో పేరు వచ్చింది. మాబున్ని ఆళ్లగడ్డలో వీధంతా చెప్పుకుంది.

అబద్ధం ఒకసారి చెప్పి ఊరుకుంటే అది అక్కడే ఉంటుందనుకున్నాను. ఉండలేదు. పెద్ద మేడం ఫోన్ చేసి కర్నూలులో కొత్తగా నేర్చుకునేవాళ్లతో మాట్లాడమన్నారు. "నీ అనుభవం వాళ్లకు చెప్పు," అన్నారు. అప్పుడైనా కాదనవచ్చు. పోయాను, చెప్పాను. ఈసారి మాబున్ని చెప్పనివి కూడా చేర్చాను: నీళ్ల వాసన, పాప గౌను రంగు. ఆ తర్వాత ఇంకోసారి. శ్రీశైలం పోయివస్తూ ట్రాక్టరు బోల్తాపడి కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లి, వేరే కౌన్సెలర్ చెబితే నన్ను వెతుక్కుంటూ వచ్చింది. "నీకూ అట్లే అయిందంట గదమ్మా. నీకైతే తెలుస్తాదని వచ్చినా," అని నా చెయ్యి పట్టుకుంది. నేను చెయ్యి లాక్కోలేదు. నాకు చేతనైనంత చేశాను ఆమెకు, మనస్ఫూర్తిగానే చేశాను. కానీ ఆమె పట్టుకున్న చెయ్యి నాది కాదు.

ఇంతవరకూ అయితే నేను చేసింది దొంగతనం. దీని తర్వాత చేసింది ఇంకా ఘోరం.

మాబున్ని కూతురు షాహీన్ పెరిగింది. బడికి పోయే వయసు వచ్చింది. తల్లి జుట్టే వచ్చింది దానికి, ఒత్తుగా. ఒకరోజు మాబున్ని భర్త దస్తగిరన్న నాకు ఫోన్ చేసి నవ్వుతూనే చెప్పాడు, "పాపకు జడలు నేనే వేస్తాండానమ్మా. ఆయమ్మకు చేతులు వణుకుతాండాయి." నేనూ నవ్వాను. ఆ తర్వాత ఆళ్లగడ్డ పోయినప్పుడు చూశాను. పాపం, ఆయన వేసిన రెండు జడలు రెండు దిక్కులకు లేచి ఉన్నాయి. షాహీన్ వాటిని చూపించి నవ్వుతోంది. మాబున్ని నవ్వడం లేదు. సన్నబడింది. వాన మబ్బు పడితే అంగడి మూసేస్తోందట. బస్సు ఎక్కడం మానేసిందట. షాహీన్ వెనకనుంచి వచ్చి మెడ పట్టుకుంటే అరిచేసిందట.

నన్ను పక్కకు తీసుకుపోయి తానే అడిగింది.

"నాకు మళ్లీ వచ్చినట్టుంది మే. నువ్వు చూడగూడదని నువ్వే చెప్పినావు గదా, స్నేహితులకు చెయ్యగూడదని. ఆ కర్నూలు మేడం కాడికి పంపు."

నాకు భయం వేసింది. ఆమె కోసం కాదు. నా కోసం. మాబున్ని పోయి ఆ మేడం ముందు కూర్చుని, వీపున పాప అంటుంది. జడ అంటుంది. లాగడం ఆగిపాయ అంటుంది. మేడం అప్పటికే విని ఉన్న కథ. ఇద్దరిలో ఎవరు అబద్ధమో తెలుసుకోవడానికి ఆమెకు ఎంతసేపు పడుతుంది?

"ఆ మేడం కొత్తవాళ్లను తీసుకోవడం లేదు మే," అన్నాను. "నేనే చూస్తాలే. నీకు కాకపోతే ఎవరికి చేస్తా?"

ఎంత ప్రేమగా అన్నానో! మాబున్ని కళ్లు తుడుచుకుంది. "నీకు ఇబ్బంది గాదా?" అంది.

నిజంగా చికిత్స చేసి ఉంటే కొంతైనా మేలు. అదీ చేయలేదు. ఆదివారాలు పోయి అంగట్లో కూర్చునేదాన్ని. ఊపిరి ఎట్లా తీసుకోవాలో చెప్పేదాన్ని. ఆమె ఆ వాగు దగ్గరికి వచ్చేసరికి, "ఇప్పుడొద్దులే మే, నెమ్మదిగా పోదాం," అని మాట మార్చేదాన్ని. ఆమె జడ అన్న మాట ఎత్తితే నాకు వినబుద్ధి కాలేదు. మనిషిని చెప్పనివ్వడమే మా పని. ఒకప్పుడు అటక మీద ఏ చదువూ లేకుండా నేను చేసింది అదే. ఇప్పుడు చదువుకుని, పేరు తెచ్చుకుని, ఆమె నోరు మూశాను. మెత్తగా, ప్రేమగా మూశాను. "నీతో మాట్లాడితే కొంచెం బాగుంటాది మే," అనేది నేను పోయేటప్పుడు. బాగుండటం లేదని ఇద్దరికీ తెలుసు.

ఇట్లా రెండు వానాకాలాలు గడిచాయి.

ఒక ఆదివారం చర్చి అయ్యాక ఆళ్లగడ్డ పోయాను. అంగడి మెట్ల మీద షాహీన్ కూర్చుని ఉంది. తలకు గుడ్డ కట్టుకుంది. నన్ను చూసి ముఖం తిప్పుకుంది. దగ్గరికి పోతే ఏడుపు. గుడ్డ తీసింది. జుట్టు లేదు. కత్తెరతో ఎగుడుదిగుడుగా కత్తిరించి ఉంది.

"అమ్మ కత్తిరించింది అత్తా. నేనేం చేసినా?"

నన్ను అత్తా అంటుంది ఆ పిల్ల.

నువ్వేం చేయలేదు, నేను చేశాను అని చెప్పాలా? దాని తలను నా ఒళ్లోకి తీసుకున్నాను. ఒక పాప ఎప్పుడో నీళ్లలో పోయింది. దాన్ని నేను ఆపలేను. ఇంకొక పాప ఇక్కడ మెట్ల మీద ఏడుస్తోంది. దీన్ని ఆపగలిగి ఉండేదాన్ని. ఈ రెండో పాప నా ఖాతాలోది. కొన్ని నిమిషాలు అక్కడే కూర్చున్నాను. లేచి పారిపోదామని కూడా అనిపించింది, దాచకుండా చెప్తున్నాను. కానీ ఆ పిల్ల నా కొంగు పట్టుకుని ఉంది.

లోపలికి పోయాను. మాబున్ని కింద పరిచిన పరుపు మీద కూర్చుని అంచు కుడుతోంది. చేతిలో దబ్బనం. నన్ను చూసి లేవలేదు.

"చూసినావా పాపను," అంది. "నేనెందుకు చేసినానో నాకే తెలీదు మే. దువ్వుతాండా. ఉన్నట్టుండి కత్తెర చేతిలో ఉంది."

"కర్నూలు మేడం కొత్తవాళ్లను తీసుకుంటాంది మే," అన్నాను. ఊరి మాటే వచ్చింది నాకు. "ఎప్పుడూ తీసుకుంటానే ఉంది. నేను అబద్ధం చెప్పినా."

"ఏందీ?"

"నువ్వు పోతే తెలిసిపోతాదని."

"ఏం తెలుస్తాది?"

"బస్సు సంగతి ఆమెకు నేను ముందే చెప్పినా. నాకే జరిగినట్టు చెప్పినా. రిజిస్టర్‌లో చేరేటప్పుడు. నువ్వు పిల్లోళ్లను తీసుకొని బయట నిలబడినావే, ఆ పొద్దు."

మాబున్ని దబ్బనాన్ని పరుపులో గుచ్చి వదిలేసింది. నా వైపు చూసింది. కోపం కోసం వెతికాను ఆ ముఖంలో. కోపం ఉంటే ఊపిరి పీల్చుకునేదాన్ని. చిన్నపిల్లకు లెక్క అర్థం కానట్టు చూస్తోంది.

"నువ్వు ఆ బస్సులో లేవు గదా మే," అంది.

"లేను."

"నీకు కండ్లకలకలు గదా."

"ఔ."

"జడ గూడా చెప్పినావా?"

"చెప్పినా."

బయట షాహీన్ ముక్కు చీదుకోవడం వినబడుతోంది.

"పాప పేరు చెప్పినావా?"

నాకు అర్థం కాలేదు. "పేరు నాకు తెలీదు గదా. నీకూ తెలీదనుకున్నా."

"పైన కూర్చున్నప్పుడు అడిగినా. భయపడకుండా ఉంటాదని మాట్లాడిస్తా ఉంటి. చెప్పింది." ఆమె పరుపు అంచు చేత్తో సర్దింది. "నీకు చెప్పలే. అన్నీ చెప్పినా గానీ అది చెప్పలే. ఎందుకో మరి."

అప్పుడు ఏడ్చింది. నేను దగ్గరికి జరగబోతే చెయ్యి అడ్డం పెట్టింది. నేను ఆగిపోయాను. కొంతసేపటికి ముఖం తుడుచుకుని, దబ్బనం తీసుకుని, దారం సరిచూసుకుంది.

"ఇంక పో మే. మబ్బు పడతాంది. బస్సు దొరకదు మళ్ల."

ఆ మాటలోనూ నేను తడుస్తానన్న దిగులే ఉంది. అది నాకు దెబ్బకన్నా ఎక్కువ తగిలింది.

బస్టాండులో నిలబడే పెద్ద మేడంకు ఫోన్ చేశాను. ఇంటికి పోయి చేద్దామనుకుంటే చేయనని నాకు తెలుసు. చుట్టూ జనం, కండక్టర్ల అరుపులు. చెవి మూసుకుని మొత్తం చెప్పాను. ఫోన్ కట్టయిందేమో అనుకున్నాను.

"నీ స్నేహితురాలిని ఈ వారమే పంపు," అన్నారు చివరికి. "నీ సంగతి తర్వాత మాట్లాడతాను."

తర్వాత మాట్లాడారు. మేడం ఒక్కరే కాదు, ఆ ముగ్గురూ. తిట్టలేదు. అడిగారు, చెప్పాను. ఆ ట్రాక్టరు తల్లికి నిజం చెప్పావా అన్నారు. పోయి చెప్పాను. ఆమె చాలాసేపు విని, "అట్లనా," అని లేచి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. రిజిస్టర్ నుంచి నా పేరు తీసేశారు. తీసేస్తారని తెలుసు. తీసేసిన రోజు మధ్యాహ్నం ఇంటికొచ్చి చాలాకాలానికి కడుపునిండా అన్నం తిన్నాను. ఎందుకో చెప్పలేను. సిగ్గు తగ్గలేదు. ఆకలి మాత్రం వేసింది.

మాబున్నిని దస్తగిరన్న మొదట్లో స్కూటర్ మీద కర్నూలు తీసుకుపోయేవాడు. అంత దూరం! ఇప్పుడు ఇద్దరూ బస్సులో పోతున్నారని విన్నాను. మేడం దగ్గర ఏం చెప్తుందో నాకు తెలియదు. తెలుసుకోవాలని అనిపిస్తుంది, ఆపుకుంటాను. పాప పేరు నేను అడగలేదు. అడగను.

మాబున్ని నన్ను క్షమించిందా? అడగలేదు. చాలా నెలలు ఫోన్ చేయలేదు. ఆ నెలలు ఎట్లా గడిచాయో రాయను, రాస్తే మీరు నా మీద జాలిపడతారేమో. తర్వాత ఒకరోజు తానే చేసింది. "మీ పరుపులు గట్టిపడిపోయింటాయి గదా. విప్పి ఏకించుకుంటావా? దూది రేటు పెరుగుతాంది," అంది. సరే అన్నాను. వచ్చి తీసుకుపోయారు, కుట్టి పంపించారు. కూలి తీసుకుంది. ఇదివరకు నా దగ్గర ఎప్పుడూ తీసుకునేది కాదు. అట్లా ఉన్నాం ఇప్పుడు. ఆమె మాట్లాడుతుంది, ఒక్కోసారి నవ్వుతుంది కూడా. మధ్యలో ఎక్కడో ఆగిపోతుంది. నేనూ ఆగుతాను. ఒకప్పుడు మా మధ్య దూరం ఒక సందు అంత. ఇప్పుడెంతో నాకు తెలియదు.

నేను ఆసుపత్రిలో ఇంకా పనిచేస్తున్నాను. అక్కడా చెప్పాను, ఉండనిచ్చారు, ఇంకొకరి పర్యవేక్షణలో. మళ్లీ "ఆ మాట్లాడే మేడం" అయ్యాను. మళ్లీ రిజిస్టర్‌కు పెట్టుకోవచ్చన్నారు కొంతకాలం పోయాక. ఏమో. ఇంకా తేల్చుకోలేదు.

మొన్న చాగలమర్రి నుంచి ఒకామెను పంపారు. రోడ్డు దాటుతుంటే ఆమె కళ్లముందే చెల్లెలిని లారీ కొట్టింది. వచ్చి కూర్చుంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నా ముఖంలోకి చూస్తూ చూస్తూ, "నీకెప్పుడన్నా ఇట్లా అయిందా మేడం?" అని అడిగింది.

"లేదమ్మా," అన్నాను. "నాకు ఎప్పుడూ కాలేదు. నాకు తెలీదు. నువ్వు చెప్తే వింటాను."

ఆమె ముఖం కొంచెం వాడింది. నేనేమీ సర్దిచెప్పలేదు. అట్లాగే కూర్చున్నాను. గోడ మీద ఫ్యాను తిరుగుతోంది. కాసేపటికి ఆమె కొంగు నోటి మీదనుంచి తీసి, "పొద్దున్నే బయలుదేరినాం మేడం, ఇద్దరం," అని మొదలుపెట్టింది.